నెట్టు మీద జానెడు

శుక్రవారం సాయంత్రం ఎక్కడైనా వాలీబాల్ నెట్టు కట్టి కనిపిస్తే నేను కారు వేరే దారికి తిప్పుతాను. ఒకప్పుడు అంత పేరున్న ఆటగాడు కదా మీరు, కాసేపు ఆగి చూడొచ్చు కదా అంటుంది మా ఆవిడ. మోకాలు గుర్తొస్తుంది అంటాను. పాపం, నమ్ముతుంది. ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగాన్ని ఇన్నేళ్లుగా ఒక్కణ్నే మోస్తున్నాను. ఇంక నావల్ల కావడం లేదు.

అందుకే మీకు చెబుతున్నాను. నేనెవరో మీకు తెలియదు. మీరు నా మొహం చూడరు. నా పేరు అడగకండి, చెప్పను. అంత ధైర్యమే ఉంటే ఇదంతా రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ముందే ఒక మాట. ఇది హత్యా కాదు, దొంగతనమూ కాదు. వరసగా ఓడిపోతున్న ఒక టీములో కుర్ర లిఫ్టర్ని మార్చాలా వద్దా అన్న చర్చ, అంతే. నవ్వొస్తుంది కదూ? నేనూ ఎన్నోసార్లు నవ్వి వదిలేద్దామని చూశాను. ఆటలో ఇవన్నీ మామూలే, ఎవడో ఒకడు బయటికి పోవాల్సిందే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. సర్దుకోలేదు. ఎందుకు సర్దుకోలేదో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

నేను బహ్రెయిన్ వచ్చింది ఏసీ డక్టుల పనికి. మాది ఉత్తరాంధ్రలో సముద్రం ఒడ్డు ఊరు. ఇసకలో ఎగిరి ఎగిరి పెరిగినవాళ్లం, గట్టి నేల మీద ఇంకాస్త ఎక్కువే ఎగురుతాం. మేం ఉండే లేబర్ క్యాంపు వెనక ఖాళీ స్థలంలో సరదాగా బంతి కొడుతుంటే మా అర్బాబ్, అంటే కంపెనీ యజమాని, ఒకరోజు కారు ఆపి చూశాడు. ఆయనకు వాలీబాల్ అంటే పిచ్చి. ఆ వారమే కంపెనీకి ఒక టీము పుట్టింది. కంపెనీల మధ్య శుక్రవారం పోటీలు జరిగేవి. మా టీములో ఉన్నవాడికి నిచ్చెనలు ఎక్కే పని ఉండదు, డాబాల మీద ఎండలో పని ఉండదు. స్టోర్లోనో ఆఫీసులోనో నీడపట్టున డ్యూటీ. ఈ సంగతి ఎక్కడా రాసి ఉండదు, కానీ క్యాంపులో అందరికీ తెలుసు. ఆడినన్నాళ్లు నీడ, ఆట పోతే ఎండ. అంటే మాకు ఆట ఆట కాదు, అదే అసలు డ్యూటీ.

నేను స్మాషర్ని. వాలీబాల్ తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: లిఫ్టర్ అనేవాడు నెట్టు దగ్గర నిలబడి బంతిని మెత్తగా పైకి లేపుతాడు, స్మాషర్ ఎగిరి దాన్ని అవతలి కోర్టులోకి బాదుతాడు. చప్పట్లన్నీ బాదినవాడికే. లిఫ్టర్ మొహం కూడా జనానికి గుర్తుండదు. బంతి తప్పితే మాత్రం అందరూ వాడివైపే చూస్తారు.

పైడిరాజు మా లిఫ్టర్. మా పక్క ఊరి కుర్రాడు. వాణ్ని టీములోకి తెచ్చింది నేనే, ఆట నేర్పింది కూడా నేనే. వాడి వేళ్లలో ఏదో ఉండేది. బంతి వాడి చేతుల్లోకి వచ్చినప్పుడు చప్పుడు వినిపించేది కాదు. నేను ఎక్కడ కావాలంటే అక్కడ, ఎంత ఎత్తు కావాలంటే అంత ఎత్తులో వచ్చి నిలిచేది. వాడు వచ్చిన మొదటి సీజన్‌లో మేం ఓడింది తక్కువ. ఈ కుర్రాడికి స్టోర్ కీపర్ పని ఇస్తాను, వీసా కూడా పొడిగిస్తాను అని అర్బాబ్ అందరి ముందూ మాటిచ్చాడు. ఆ రోజు వాడు ఇంటికి ఫోన్ చేసి వాళ్లమ్మతో మాట్లాడుతూ, ఉన్నట్టుండి ఫోన్ నా చేతిలో పెట్టాడు. మా వోణ్ని నీ సేతుల్లో ఎడతన్నాను బాబూ అందావిడ. నేను పెద్దమనిషిలా, మీరు బెంగ పెట్టుకోకండమ్మా అన్నాను.

మా ఒడ్డు ఊళ్లలో ఆటకు ఒక మర్యాద ఉంది. స్మాషర్ కొట్టిన బంతి నెట్టుకు తగిలినా, బయటికి పోయినా, లిఫ్టర్ చెయ్యి పైకెత్తుతాడు. తప్పు నాది అని అర్థం. నిజంగా తప్పు వాడిదా కాదా అన్నది ఎవరూ చూడరు. కొట్టేవాడి గుండె జారిపోకూడదు, అదీ లెక్క. నా చిన్నప్పుడు నా లిఫ్టర్లు నాకోసం ఎత్తారు. నేను పైడిరాజుకు అదే నేర్పాను. మిగతా టీములో సగం మంది తెలంగాణ వాళ్లు, గుంటూరు వైపు వాళ్లు, మలయాళీలు. వాళ్లకు ఈ మర్యాద తెలియదు. ఎవరైనా అడుగుతారేమో, చెబుదాం అనుకున్నాను. ఎవరూ అడగలేదు.

తరవాత నా మోకాలు పోయింది.

ఒక్కరోజులో పోలేదు. మొదట మెట్లు దిగేటప్పుడు కలుక్కుమనేది. తరవాత పొద్దున మంచం దిగగానే ఆ కాలు ఆనడానికి భయం వేసేది. ఎగిరి కింద పడగానే చిప్ప లోపల ఏదో పక్కకు జరిగినట్టుండేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే డాక్టర్ దగ్గరికి పంపుతారు, డాక్టర్ ఆడకూడదంటాడు, ఆడకపోతే నీడ పోతుంది, మళ్లీ నిచ్చెన. ఈ కాలితో నిచ్చెన ఎక్కలేను. ఎక్కలేనివాడితో కంపెనీకేం పని? ఖలాస్, ఇంటికి పో అంటారు. అప్పటికి నేను కుటుంబాన్ని ఇక్కడికి తెచ్చుకోవాలని తంటాలు పడుతున్నాను. నా తల అంతా ఆ ఒక్క లెక్కతోనే నిండిపోయి ఉండేది. ఇది సాకుగా చెబుతున్నానా? అవును, సాకే. కానీ ఆ భయం కూడా నిజమే.

ఎత్తుగా వచ్చిన బంతికి ఎగరకపోతే అందరికీ కనబడిపోతుంది, వీడు ఎగరడం లేదని. అదే బంతి తక్కువగా వస్తే? ఎగరకుండా కొట్టినా ఎవరికీ అనుమానం రాదు. బంతే తక్కువగా ఉంది, పాపం వీడేం చేస్తాడు అనుకుంటారు. ఈ ఆలోచన నాకు ఏ క్షణాన తట్టిందో గుర్తులేదు. తట్టాక మాత్రం దాన్ని వదల్లేదు.

ప్రాక్టీసు అయ్యాక వాణ్ని పక్కకు పిలిచాను. “ఒరే పైడీ, ఇకనుంచి నాకు ఎత్తుగా ఇవ్వొద్దురా. నెట్టు మీద జానెడే ఇయ్యి. అవతలోళ్లకి బ్లాకుకి లేచి అడ్డుకోడానికి టైమే దొరకదు,” అన్నాను. ఇది మన ఇద్దరి మధ్యే ఉండాలి, మనవాళ్లకు చెప్పినా క్యాంపంతా పాకి అవతలి టీములకు చేరిపోతుంది అని కూడా చెప్పాను. మోకాలి ఊసు ఎత్తలేదు. వాడి కళ్లు మెరిశాయి. కొత్త ఎత్తు నేర్పుతున్నాననుకున్నాడు. వారమంతా గోడ మీద గీత గీసుకుని, జానెడు పైకి, అంతకంటే ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా బంతి లేపడం సాధన చేశాడు. నేను కుర్చీలో కూర్చుని చూశాను. బాగుందిరా అన్నాను కూడా.

ఎంత సిగ్గులేనితనం!

మేం ఓడిపోవడం మొదలైంది. జానెడు ఎత్తులో వచ్చిన బంతిని ఎగరకుండా కొడితే ఎక్కడికి పోతుంది? నెట్టులోకి పోతుంది, లేదా అవతలివాడి చేతుల్లోకి పోతుంది. బంతి నెట్టుకు కొట్టుకున్న ప్రతిసారీ పైడిరాజు చెయ్యి పైకి లేచేది. ఒకే ఆటలో ఎన్నిసార్లు లేచేదో. కోర్టు చుట్టూ నిలబడ్డ జనం చూసేవారు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని తల అడ్డంగా ఊపేవాణ్ని. నటించాలని నటించలేదు, అలవాటుగా వచ్చేసేది. అదే ఇంకా అసహ్యం.

క్యాంపులో మాటలు లేచాయి. భోజనాల దగ్గర, బస్సులో, బట్టలు ఆరేసే చోట ఒకటే గోల. కుర్రాడిలో పస లేదు. మొదటి సీజన్ గాలివాటం. ఇంత పెద్ద స్మాషర్ని పెట్టుకుని బంతి ఇవ్వడం చేతకాకపోతే ఎలా? మార్చాలి. లేదు, చిన్నవాడు, నేర్చుకుంటాడు, ఇంకొన్ని ఆటలు చూద్దాం. మెయింటెనెన్స్‌లో బిజు అని ఒక మలయాళీ ఉన్నాడు, పాత కాపు, నలభై దాటినా చేతులు ఇంకా గట్టిగా ఉన్నాయి, ఆయన్ని దించుదాం. నా ముందు మాత్రం ఎవరూ అనేవారు కాదు. పైడిరాజు నా మనిషి అని వాళ్లకు తెలుసు. ఆ మర్యాద కూడా నాకే కలిసొచ్చింది.

వరసగా ఇంకో ఆట పోయిన శుక్రవారం, మెస్ హాల్లో అందరినీ కూర్చోబెట్టాడు మల్లేశం అన్న. ఆయన మా ఫోర్‌మన్, టీము బాధ్యత కూడా ఆయనదే. కరీంనగర్ వైపు మనిషి. కోపం వస్తే గట్టిగా అరుస్తాడు, కానీ అన్యాయం చేసే రకం కాదు. ఆ మాట ఇక్కడ చెప్పి తీరాలి, ఎందుకంటే ఆ రోజు ఆయన చేతులతో అన్యాయం చేయించింది నేను. పైడిరాజు తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు, జెర్సీ ఇంకా తడిగా ఉంది.

“పోరడు మంచోడే, నేను కాదంటలేను,” అన్నాడు మల్లేశం అన్న. “కానీ లిఫ్టులు ఎట్లున్నయో అందరికీ కనవడ్తనే ఉన్నయ్. ఇంకెవలో చెప్పుడెందుకు, బాల్ పోయినప్పుడల్లా వాడే చెయ్యి లేపి ఒప్పుకుంటుండు గద.”

అప్పుడు నేను లేచి, అన్నా, అది ఒప్పుకోవడం కాదు, మా వైపు మర్యాద అది, నేనే నేర్పాను అని చెప్పి ఉండొచ్చు. ఒక్క మాట. నోటిదాకా వచ్చింది. చెబితే తరవాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మరి తప్పు ఎవరిది? లేవలేదు.

వెనక కోర్టులో ఆడే జాన్, గుంటూరు వాడు, లేచాడు. “పోయిన సీజన్లో బాగానే ఇచ్చాడు కదండీ. ఇప్పుడే ఏమైందంట? అది కనుక్కోకుండా తీసేస్తే ఎట్టా?” అన్నాడు.

పైడిరాజు తలెత్తి నావైపు చూశాడు. వాడి చూపులో నింద లేదు. చెప్పమంటావా అని అడుగుతున్నాడు, అంతే. మన ఇద్దరి మధ్యే ఉండాలన్నావు కదా, ఇప్పుడు చెప్పొచ్చా? చూపు తిప్పేసుకుని గోడకున్న ఫ్యాన్ వైపు చూశాను. వాడికి జవాబు అందింది. తల దించుకున్నాడు.

మల్లేశం అన్న నావైపు తిరిగాడు. “నువ్వు చెప్పు తమ్మీ. కొట్టేటోనివి నువ్వు. నీ మాటనే ఫైనల్. లిఫ్టులు ఎట్ల వడ్తున్నయ్?”

“తక్కువ పడతన్నాయన్నా,” అన్నాను.

ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. లిఫ్టులు తక్కువే పడుతున్నాయి. దీన్నే చాలా ఏళ్లు పట్టుకుని వేలాడాను. నేను అబద్ధం ఆడలేదు, అడిగినదానికి జవాబు చెప్పాను, తీసెయ్యమని నేనేమీ అనలేదు అని. ఎవరికి చెప్పుకున్నాను ఈ మాటలు? ఎదురుగా ఎవరూ లేరు. నాకు నేనే వకీలు, నాకు నేనే జడ్జి. ఎన్నిసార్లు విడుదల చేసుకున్నా మర్నాడు మళ్లీ బోనులోనే ఉండేవాణ్ని.

అక్కడితో ఆగి ఉంటే కూడా బహుశా ఇది రాసేవాణ్ని కాదు. పిరికితనం అనేవాణ్ని, వదిలేసేవాణ్ని. నిజంగా నేను చేసిన పని దాని తరవాత జరిగింది.

మీటింగు అయ్యాక బయట వాటర్ కూలర్ దగ్గర మొహం కడుక్కుంటున్నాను. పైడిరాజు వచ్చి పక్కన నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నానేమో. వాడు కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు.

“అన్నా, ఒక్క మాట అడుగుతాను. ఏమనుకోవు కదా?”

“అడుగురా.”

“జానెడన్నావు. నేను జానెడే ఇత్తన్నాననుకున్నాను. నువ్వు సెప్పినదానికంటే కూడా తక్కువెళ్లిపోతన్నాయేటి? నాకు తెలవడం నేదేమో. నిజం సెప్పన్నా.”

ఇదిగో, ఇక్కడ. మెస్ హాల్లో జనం ఉన్నారు, ఫోర్‌మన్ ఉన్నాడు, భయపడ్డాను అనుకోండి. ఇక్కడ ఎవరున్నారు? నేనూ, వాడూ. లేదురా, నువ్వు సరిగ్గానే ఇచ్చావు, నా మోకాలు పోయింది అంటే నాకేం పోయేది? వాడు ఎవరికీ చెప్పేవాడు కాదు. అప్పటిదాకా చెప్పనివాడు అప్పుడు మాత్రం చెబుతాడా? ఉద్యోగం పోతే పోయింది, నా చేతుల్లో తప్పు లేదన్న నమ్మకమైనా వాడికి మిగిలేది. వాడు అడిగింది అదే. ఉద్యోగం ఇప్పించమని అడగలేదు, మల్లేశం అన్నతో మాట్లాడమని అడగలేదు. నిజం చెప్పమని అడిగాడు.

నేను అవునన్నట్టు తలూపాను.

“మరి ముందే అనకపోయావా అన్నా, సరిసేసుకుందును,” అన్నాడు. “నా వల్ల నీ పేరు కూడా పాడైపోనాది.” ఇంకా ఏదో అనబోయి, నా భుజం మీద చెయ్యేసి, వెళ్లిపోయాడు. నన్ను వాడు ఓదార్చి వెళ్లాడు. అర్థమవుతోందా మీకు?

ఎందుకు తలూపాను? భయం అనడానికి లేదు. బహుశా వాడు నమ్మితేనే నేనూ నమ్మగలను అనిపించిందేమో. తప్పు వాడిదేనని వాడే ఒప్పేసుకుంటే నేను చేసింది తప్పు కాకుండా పోతుందని ఏదో మూల అనుకున్నానేమో. మనిషి బుర్ర ఎంత దిక్కుమాలిందో చూడండి.

తరవాతి వారం బిజు దిగాడు. ఎత్తుగా, దర్జాగా లిఫ్టులు. ఇంక దాక్కోవడానికి చోటు లేదు. రెండో బంతికే ఎగిరినట్టు ఎగిరి, కింద పడి, మోకాలు పట్టుకుని అరిచాను. నొప్పి నిజమే, కానీ ఆ నొప్పి ఆ రోజుది కాదు. అందరూ పరిగెత్తుకొచ్చారు. అర్బాబ్ తన కార్లో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. కంపెనీ కోసం ఆడుతూ కాలు పోగొట్టుకున్నవాడు అన్నారు. నన్ను నెత్తిన పెట్టుకున్నారు. కూర్చుని చేసే పని ఇచ్చారు, క్యాంపు ఆఫీసులో. ఆ తరవాత ఫ్యామిలీ వీసా కూడా వచ్చింది. ఇప్పుడు మహూజ్‌లో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. అంటే, మోకాలు పోయిందని మొదట్లోనే చెప్పి ఉంటే కూడా ఇదే దక్కేదా? దక్కేదేమో. దక్కకపోయేదేమో. ఆ సంగతి తెలుసుకునే దారి నేనే మూసేసుకున్నాను.

నా బదులు ఇంకొక కుర్రాణ్ని స్మాషర్‌గా పెట్టారు. వాడికి కాళ్లు ఉన్నాయి. టీము గెలవడం మొదలుపెట్టింది. చూశారా, లిఫ్టర్ని మార్చాక ఎలా గెలుస్తున్నామో అన్నారు అందరూ. మారింది ఇద్దరమని ఒక్కరికీ తట్టలేదు. నేను ఆఫీసులో కూర్చుని, అవునవును, బిజు చెయ్యి మంచిది అంటూ వంత పాడాను.

పైడిరాజును హమద్ టౌన్‌లో కొత్త ఇళ్ల డాబాల మీదికి పంపారు, డక్టుల పనికి. వేసవిలో మధ్యాహ్నం పూట బయట పని చేయించకూడదని రూలుంది. పొద్దుటి ఎండకు ఏ రూలూ లేదు. సాయంత్రం బస్సు దిగేటప్పుడు ఆఫీసు కిటికీలోంచి కనిపించేవాడు. పెదాలు పగిలి, మొహం నల్లబడిపోయి ఉండేది. రేకులు పట్టుకుని పట్టుకుని అరచేతులు గట్టిపడిపోయాయి. నన్ను చూస్తే దూరం నుంచే నవ్వేవాడు, కాలెలా ఉందన్నా అని అడిగేవాడు. శుక్రవారాలు కోర్టు వైపు వచ్చేవాడు కాదు. స్టోర్ కీపర్ మాట అర్బాబ్ మళ్లీ ఎత్తలేదు, వీసా గడువు అయ్యాక పొడిగించనూ లేదు. సామాన్ కట్టుకుని వెళ్లేరోజు ఆఫీసుకు వచ్చి నా కాళ్లకు దండం పెట్టబోయాడు. పట్టుకుని ఆపాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఎయిర్‌పోర్టు బస్సు బయట హారన్ కొడుతోంది. యల్లా యల్లా అని డ్రైవర్ అరుస్తున్నాడు. తొందరగా వెళ్లు, బస్సు వెళ్లిపోతుంది అన్నాను. ఆ హారన్ విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తరవాత ఏళ్లు గడిచాయి. మరిచిపోయాను అని అనను. అలవాటు పడ్డాను.

ఈమధ్య మా ఆవిడ తమ్ముణ్ని ఎయిర్‌పోర్టులో దించి వస్తూ, ముహర్రక్‌లో ఒక చిన్న హోటల్ దగ్గర టీ కోసం ఆగాను. పక్కన లాండ్రీ. అన్నా అని పిలుపు. ఎవరో అనుకుని తిరిగాను. పైడిరాజు. కాస్త ఒళ్లు చేశాడు, జుట్టు పలచబడింది. మళ్లీ వచ్చాడట, వేరే కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన వేరే యజమాని దగ్గర, ఆ లాండ్రీలోనే పని. నా చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. వాళ్లమ్మ పోయిందని చెప్పాడు. నన్ను చివరిదాకా తలుచుకునేదట.

లాండ్రీలోంచి వాడితో పనిచేసే ఇంకో తెలుగతను బయటికి వచ్చాడు. పైడిరాజు నన్ను గొప్పగా పరిచయం చేశాడు. నాకు ఆట నేర్పిన గురువు, ఈయన ఎగిరితే అవతలోళ్లు కళ్లు మూసుకునేవోళ్లు అని. ఆ మనిషి ఆశ్చర్యపోయి వాడివైపు తిరిగాడు. నువ్వు వాలీబాల్ ఆడేవాడివా, మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం, మాకు శుక్రవారాలు లిఫ్టరు దొరక్క చస్తున్నాం, రావచ్చు కదా అన్నాడు.

పైడిరాజు నవ్వాడు. మామూలు నవ్వు. ఏడుపూ లేదు, ఎత్తిపొడుపూ లేదు.

“నాకొద్దులే బాబూ. నా సేతుల్లో ఎత్తు నేదు. నేను లిఫ్టిస్తే టీము ఓడిపోతాది. కావాలంటే అన్నని అడుగు.”

ఆ మనిషి నిజంగానే నావైపు చూశాడు. పైడిరాజు కూడా చూశాడు. వాడేదో ప్రశ్న అడుగుతున్నాడని కాదు, నేనూ సరదాగా వంత పాడతానని ఎదురుచూస్తున్నాడు. అన్నేళ్ల తరవాత అదే చోట మళ్లీ నిలబడ్డాను. ఈసారి ఉద్యోగ భయం లేదు, వీసా భయం లేదు, మల్లేశం అన్న లేడు, అర్బాబ్ లేడు. ఏ సాకూ లేదు. టీ గ్లాసు చేతిలో కాలుతోంది. నేను నవ్వాను. ఔనని అనలేదు, కాదని అనలేదు, ఉత్తినే నవ్వాను. వాళ్లిద్దరూ నాతో పాటు నవ్వారు.

కారు ఎక్కాక చాలాసేపు తాళం తిప్పలేకపోయాను. ఇన్నేళ్లూ నేను ఏదో ఊహించుకుని బతికాను. వాడికి లోలోపల తెలిసే ఉంటుంది, నన్ను తిట్టుకుంటూనే ఉంటాడు, నన్ను ద్వేషిస్తూ ఉంటాడు అని. ఆ ద్వేషం నాకు ఒక రకంగా ఊరటగా ఉండేది. నేను చేసిన పనిని ఎక్కడో ఒకచోట, ఒక్క మనిషైనా సరిగ్గా చూశాడు కదా అని. అదీ లేదు. వాడు నేను చెప్పింది చెప్పినట్టు నమ్మేశాడు. నా తల ఊపుడు ఒక్కటీ తీసుకెళ్లి, దాన్ని తన గురించి నిజం అనుకుని, ఊరిదాకా మోసుకెళ్లి, మళ్లీ తెచ్చుకున్నాడు. నేను లాక్కున్నది స్టోర్ ఉద్యోగం అనుకున్నాను. ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుంది.

వాడి నంబరు నా ఫోన్‌లో ఉంది. నొక్కి, మోగకముందే ఆపేస్తున్నాను. చెబితే ఏమంటాడు? క్షమించేస్తాడని భయంగా ఉంది. పోనీలే అన్నా అంటాడు, మోకాలు ఇప్పుడెలా ఉంది అంటాడు. అది వినే అర్హత నాకు లేదు. లేదా ఈసారి నిజంగానే అసహ్యించుకుంటాడు. దానికీ నేను సిద్ధంగా లేను. చూశారా, ఇప్పుడు కూడా నా గురించే ఆలోచిస్తున్నాను.

అందుకని ముందు మీకు చెబుతున్నాను, స్పష్టంగా, ఒక్క మాట కూడా మింగకుండా. పైడిరాజు లిఫ్టులు తక్కువ కావు. నేను నెట్టు మీద జానెడు అడిగాను, వాడు జానెడే ఇచ్చాడు, అడిగిన ప్రతిసారీ ఇచ్చాడు. ఎగరలేకపోయింది నేను. వాడు నిజం చెప్పమని అడిగితే తలూపింది నేను.

ఇంత రాసేసరికి ఊపిరి బాగానే ఆడుతోంది, చాలా ఏళ్ల తరవాత. ఆ తేలిక నాకు దక్కింది. ముహర్రక్‌లో వాడు ఈ పూట కూడా ఎవరివో బట్టలు మడతపెడుతూ ఉంటాడు, తన చేతులు మంచివి కావనే అనుకుంటూ.